నీటి పక్షుల పండుగ

మనకు పండుగ యనగానే పంటయో, ఋతువో, దేవతయో గుర్తునకు వచ్చును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక చిన్న పట్టణపు ప్రజలు బాతుల పేరిట పండుగ చేసికొందురు. మేరీలాండ్ రాష్ట్రములో చెసపీక్ అఖాతపు తూర్పు తీరమున నున్న ఈస్టన్ ఆ పట్టణము. 1971లో ప్రారంభమైన ఈ నీటి పక్షుల పండుగ నవంబరు నెలలో మూడు దినములు జరుగును.

కుటుంబములు పిల్లలతో సహా తరలివచ్చును. పట్టణములోని భవనములలో పక్షుల చిత్రములను, కొయ్య శిల్పములను ప్రదర్శింతురు. వేటకుక్కలు నీటిలో దూకి, విసరిన వస్తువును నోట కరచుకొని తెచ్చుట చూపుదురు. చిన్న గొట్టమును ఊది పెద్దబాతు కూతను అనుకరించు ప్రపంచ పోటీ ఇచ్చటనే జరుగును. పిల్లలకు వేరుగా పోటీ కలదు. పండుగ పనులలో అధికభాగమును జీతము తీసికొనని సేవకులే నడుపుదురు. పండుగ వలన వచ్చిన సొమ్ము పక్షుల రక్షణకు, చిత్తడి నేలల రక్షణకు వినియోగింపబడును.

ఇందు ఒక చిక్కు ప్రశ్న కలదు. ఈ పండుగకు మూలము వేట. పక్షిని చంపువాడే పక్షిని కాపాడుననిన నమ్ముట యెట్లు? దీనికి సమాధానము పక్షుల లెక్కలోను, అవి బ్రతుకు నేలలోను వెదకవలెను.

తుపాకి, నీరు

19వ శతాబ్దమున చెసపీక్ తీరములో వేటను వ్యాపారముగా చేసికొనినవారు ఉండిరి. పడవపై అమర్చిన పెద్ద తుపాకి ఒక్క పేలుడుతో పదుల కొలది పక్షులను కూల్చెడిది. వాటిని నగరముల అంగళ్లకు పంపెడివారు. 1918లో వచ్చిన వలస పక్షుల చట్టము ఈ వ్యాపారమును నిలిపివేసినది.

అయినను బాతులకు ఆపద తీరలేదు. ఉత్తర మైదానములలోని గుంటలు, చెరువులు వానికి పుట్టినిండ్లు. చలికాలమున దక్షిణమునకు వచ్చినప్పుడు తీరపు చిత్తడి నేలలు వానికి ఆహారమిచ్చును. మైదానములలో అనేక గుంటలకు కాలువలు త్రవ్వి, నీరు తీసివేసి, పొలములు చేసిరి. 1930 తరువాత వచ్చిన దీర్ఘమైన అనావృష్టికి మిగిలినవియు ఎండినవి. తుపాకి నాపినంత మాత్రమున చాలదు, నీరు లేనిచో బాతు లేదని అందరికి అప్పుడు తెలిసినది.

బాతు స్టాంపు

నేలను కాపాడుటకు ధనము కావలెను. అది ఎవరి నుండి రావలెను? 1934లో చేసిన చట్టము దీనికి ఒక మార్గము చూపినది. 16 ఏండ్లు నిండిన వేటగాడు నీటి పక్షులను వేటాడుటకు ఏటేటా ఒక స్టాంపు కొనవలెను. మొదటి స్టాంపు వెల ఒక డాలరు. దానిపై బొమ్మను గీసినవాడు జే డార్లింగ్ అను వ్యంగ్య చిత్రకారుడు. ఆనాడు వన్యప్రాణుల విషయము చూచు ప్రభుత్వ శాఖకు అతడే అధిపతి. 2015 నుండి దీని వెల 25 డాలర్లు. ప్రతి డాలరులో 98 సెంట్లు పక్షుల నివాసములను కొనుటకో, కౌలునకు తీసికొనుటకో పోవును. ఈ విధముగా 60 లక్షల ఎకరములకు పైగా నేల రక్షణలోనికి వచ్చినది. వేటాడని పక్షి ప్రేమికులు కూడ ఈ స్టాంపును కొనవచ్చును.

ఎన్ని పక్షులను వేటాడవచ్చును?

మల్లార్డ్ అను బాతు ఒక ఏడాదికే పిల్లలను పెంచు వయస్సునకు వచ్చి, సుమారు పది గుడ్లు పెట్టును. కెనడా పెద్దబాతు సాధారణముగా మూడవ ఏటికి గాని గూడు కట్టదు. పెట్టునవి సుమారు ఐదు గుడ్లు. కావున ఒకే సంఖ్యలో రెండింటిని చంపినచో, పెద్దబాతు జాతి తిరిగి కోలుకొనుటకు ఎక్కువ కాలము పట్టును.

అందుచేత 1955 నుండి వసంతమున విమానములపై తిరిగి బాతులను లెక్కించుచున్నారు. కొన్ని పక్షుల కాళ్లకు సంఖ్యలు గల కడియములు తొడిగి విడుతురు. వేటలో దొరికిన కడియము సంఖ్యను వేటగాడు తెలియజేయును. ఈ లెక్కలను బట్టి ఆ యేడు వేట ఎన్ని దినములు సాగవలెనో, ఒక్కొక్కడు దినమునకు ఎన్ని పక్షులను కొట్టవచ్చునో ప్రభుత్వము నిర్ణయించును.

1995లో ఈ పద్ధతికి గట్టి పరీక్ష వచ్చినది. ఉత్తర క్విబెక్‌లో పుట్టి అట్లాంటిక్ తీరమునకు వలస వచ్చు పెద్దబాతుల జతలు మిక్కిలి తగ్గినట్లు లెక్కలో తేలినది. వెంటనే వాని వేటను ఆపివేసిరి. ఈస్టన్ ప్రాంతమునకు పేరు తెచ్చినది ఆ పెద్దబాతే. అయినను కొన్ని సంవత్సరములు దానిపై తుపాకి ఎత్తుటకు వీలు లేకపోయినది. సంఖ్య పెరిగిన పిదపనే తిరిగి అనుమతి లభించినది.

దీమము, సీసము

పక్షులను నమ్మించి దగ్గరకు రప్పించుటకు వేటగాండ్రు ఉంచు పక్షిని తెలుగులో దీమము అందురు. ప్రాణమున్న బాతులను దీమములుగా వాడుటను అమెరికాలో 1935లో నిషేధించిరి. కొయ్యతో చెక్కి రంగులు వేసి నీటిపై తేలవిడుచు బాతులు మాత్రమే నిలిచినవి. నేడు ఈస్టన్ పండుగలో ప్రదర్శించు కొయ్య శిల్పములకు ఈ పనిముట్లే మూలము.

ఇంకొక మార్పు రసాయన శాస్త్రమునకు సంబంధించినది. బాతునకు దంతములు లేవు. అది చిన్న రాళ్లను మ్రింగి, కందనకాయలో వాటి సాయముతో గింజలను నలుగగొట్టును. వేటలో గురితప్పి బురదలో పడిన సీసపు గుండ్లను రాళ్లనుకొని మ్రింగుటయు కలదు. కందనకాయలోని ఆమ్లము, రాపిడి కలిసి సీసమును కరగించును. ఆ విషము రక్తములో చేరి పక్షి చచ్చును. ఆ పక్షిని తినిన గ్రద్దకును అదే గతి. అందువలన 1991 నుండి నీటి పక్షుల వేటలో సీసపు గుండ్లు ఆ దేశమంతట నిషిద్ధములు. ఉక్కు మొదలగు విషము కాని గుండ్లనే వాడవలెను.

ఇన్ని చేసినను కథ ముగియలేదు. ఈస్టనునకు దక్షిణమున, 1933లో ఏర్పడిన బ్లాక్‌వాటర్ రక్షిత ప్రదేశము కలదు. సముద్రమట్టము పెరుగుటచే అచ్చటి గడ్డి నేలలు క్రమముగా నీటి పాలగుచున్నవి. కొనిన నేల కండ్లయెదుటనే కరగిపోవుచున్నప్పుడు ఒక్క స్టాంపు సొమ్మే దానిని నిలుపలేదు.

మన మార్గము

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నీటి పక్షుల వేట నేరము. కావున మన పండుగలో తుపాకికి చోటు లేదు. పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రము సమీపమున నున్న సూళ్లూరుపేటలో 2001లో ఫ్లెమింగో పండుగ ప్రారంభమైనది. ఫ్లెమింగోలను, గూడబాతులను పిల్లలకు చూపుటయే దాని ప్రధానోద్దేశము.

ఈస్టన్ పండుగ పుట్టిన 1971లోనే, ఫిబ్రవరి 2వ తేదీన, ఇరాన్ దేశమందలి రామ్‌సర్ పట్టణమున చిత్తడి నేలల రక్షణకై ఒక అంతర్జాతీయ ఒడంబడిక కుదిరినది. మన కొల్లేరు 2002లో ఆ ఒడంబడిక జాబితాలో చేరినది. వేట గల దేశమైనను, లేని దేశమైనను, పక్షికి కావలసినది ఒక్కటే: నీరు నిలుచు నేల. అమెరికాలో దాని వెలలో కొంత వేటగాడు చెల్లించుచున్నాడు. వేటగాడు లేని మన దేశములో ఆ బాధ్యత మనయందరిపై పడినది.

ఉపాధ్యాయులు దీనిని తరగతి పనిగా మార్చవచ్చును. సమీపపు చెరువుపై నెలకొకసారి, ఒకే వేళకు, ఒకే గట్టున నిలిచి పక్షులను జాతుల వారీగా లెక్కించి, ఆ దినపు నీటి మట్టముతో పాటు పుస్తకములో వ్రాయింపవలెను. రెండు మూడు సంవత్సరములు గడచిన పిదప చెరువు ఎండుటకును పక్షులు తగ్గుటకును గల సంబంధమును విద్యార్థులు తమ లెక్కల నుండి తామే పరీక్షింపగలరు. 1995లో తుపాకులను ఆపగలిగినది ఇట్టి లెక్కయే.