చెవికీ చదువు కావాలి

పిల్లలూ! ఇంగ్లీషు పాఠాన్ని పుస్తకంలో చూసి చదివితే మీకు చాలావరకు అర్థమవుతుంది. అదే పాఠాన్ని ఒక ఇంగ్లీషు దొర గడగడా చదువుతూ ఉంటే, తెలిసిన మాటలు కూడా తెలియనట్లే ఉంటాయి. విని జవాబు వ్రాసే పరీక్షలో మార్కులు తగ్గగానే "నాకు తెలివి లేదు" అని దిగులు పడతారు. లోపం మీ తెలివిలో లేదు. మీ చెవికి ఆ అలవాటు లేదు, అంతే.

ఎందుకో చూద్దామా?

మాట గాలిలో తరంగాలుగా వచ్చి కర్ణభేరిని తాకుతుంది. ఆ కంపనాలు కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అనే మూడు చిన్న ఎముకల ద్వారా లోపలి చెవిలోని కర్ణావర్తానికి చేరుతాయి. నత్తగుల్లలా చుట్టుకొని ఉన్న ఈ భాగంలోని రోమ కణాలు కంపనాలను నాడీ సంకేతాలుగా మార్చి మెదడుకు పంపుతాయి. ఇంతవరకు ఇంగ్లీషువాని చెవికీ మన చెవికీ తేడా లేదు. తేడా అంతా మెదడులోనే.

పసిపాప అన్ని భాషల ధ్వనులలోని తేడాలనూ చాలావరకు గుర్తించగలదు. ఏడాది నిండేసరికి తన ఇంటి భాషకు అవసరమైన తేడాలనే పట్టించుకోవడం అలవాటవుతుంది. తక్కినవి చెవిన పడినా మెదడు వాటిని లెక్కచేయదు.

ఒక ప్రయోగం చేయండి. సన్నని కాగితపు ముక్కను పెదవుల ముందు వ్రేలాడదీసి "పండు" అనండి. కాగితం అంతగా కదలదు. పెదవులు గట్టిగా మూసి, ఒత్తి "ఫలం" అనండి. కాగితం ఎగురుతుంది. ఇంగ్లీషువారు "పిన్" అనే మాటను ఇంచుమించు ఇలాగే గాలి వదిలి పలుకుతారు. మనం గాలి లేకుండా పలికితే వారికి "బిన్" అని వినిపించవచ్చు! అలాగే పడమర దిక్కును, లోపల తొడిగే బనియనును చెప్పే రెండు ఇంగ్లీషు మాటలు వేరువేరు. తెలుగులో వ్రాస్తే రెండూ "వెస్ట్" అయిపోతాయి.

ఇంకొక చిక్కు ఉంది. అచ్చులో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది, నోటిలో ఉండదు. మనం మాత్రం "రాముడు, అక్కడ, ఉన్నాడు" అని విడివిడిగా అంటామా? "రాముడక్కడున్నాడు" అంటాము. ఇంగ్లీషులోనూ అంతే. పైగా వారు ముఖ్యమైన మాటలను నొక్కి పలికి చిన్న మాటలను మింగేస్తారు. "బ్రెడ్ అండ్ బటర్" కాస్తా "బ్రెడ్న్ బటర్" అవుతుంది. మన పల్లెలలో "ఏటి సేస్తన్నావు?" అంటే రాయలసీమ నుంచి క్రొత్తగా వచ్చినవారు ఒక్క క్షణం తడబడతారు. వారికి తెలుగు రాకనా? నాలుగు రోజులు మన మధ్య ఉంటే చెవి తానే సర్దుకొంటుంది.

ఇలా చెవినే గురువుగా చేసుకొన్న మహానుభావుడు మన ప్రాంతంవాడే. గిడుగు వేంకట రామమూర్తి పంతులు 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ సవర భాష నేర్చుకోదలచారు. ఆ భాషకు పుస్తకం లేదు, నిఘంటువు లేదు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట ఉంచుకొని, విని, పలికి, వ్రాసుకొని నేర్చుకొన్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. మన్యంలో తిరుగుతూ మలేరియా తగిలి, వాడిన క్వినైను వలన ఆయనకు చెముడు వచ్చింది. అయినా పని మానలేదు. చక్కని చెవులున్న మనం నిరాశ పడవచ్చునా?

మీరు చేయవలసినది ఇది. రేడియో ఇంగ్లీషు వార్తలుగాని, ఫోనులో దొరికే చిన్న పాఠంగాని రోజూ వినండి. వ్రాతప్రతి ఉన్న ఒక్క నిమిషం భాగాన్ని ఎన్నుకోండి. మొదటిసారి విషయం కోసం మాత్రమే వినండి. రెండవసారి ఆపి ఆపి వింటూ వ్రాయండి. తరువాత వ్రాతప్రతితో పోల్చి తప్పులను రెండు వరుసలుగా విడదీయండి: అసలు తెలియని మాటలు, తెలిసి కూడా వినిపించని మాటలు. మొదటి వరుసకు నిఘంటువు మందు. రెండవ వరుసకు మళ్లీ వినడం, విన్నట్లే బిగ్గరగా పలకడం మందు. చివరకు పుస్తకం మూసి మరొకసారి వినండి. మొదట గజిబిజిగా తోచిన వాక్యం ఇప్పుడు విడివిడి మాటలుగా వినిపిస్తుంది!

2023లో మన ప్రభుత్వ పాఠశాలల్లో టోఫెల్ శిక్షణ మొదలై, తరువాత ఆగిపోయింది. కాని విదేశీ చదువులకు వ్రాసే ఐ.ఇ.ఎల్.టి.ఎస్. వంటి పరీక్షలలో వినికిడి భాగం తప్పదు. అందులో 40 ప్రశ్నలుంటాయి, రికార్డును ఒక్కసారే వినిపిస్తారు. కనుక ముందుగా ప్రశ్నలు చదివి, రాబోయేది అంకెయా, పేరా, స్థలమా అని ఊహించండి. "ఫిఫ్టీన్"లో చివర ఊనిక, "ఫిఫ్టీ"లో మొదట ఊనిక ఉంటుందని గుర్తుంచుకోండి. ఒక మాట తప్పిపోతే దాన్ని వదిలేయండి. దాని కోసం ఆగితే వెనుక వచ్చే పది మాటలు పోతాయి.

ఈ రోజే ఒక్క నిమిషం విని, ఎన్ని మాటలు పట్టుకొన్నారో లెక్క వ్రాసుకోండి. నెల తరువాత అదే నిమిషాన్ని మళ్లీ వినండి. ఆ రెండు అంకెలే మీకు జవాబు చెబుతాయి.