విజువల్ బేసిక్ 6: ఏరు దాటించాల్సిందెవరు?

బటన్‌ను మౌస్‌తో లాగి ఫారం మీద పెట్టి, దాని వెనుక నాలుగు లైన్లు రాస్తే విండోస్ ప్రోగ్రాం తయారవుతుందని మామూలు ఉద్యోగికి కూడా నమ్మకం కలిగించింది విజువల్ బేసిక్. 1988లో అలన్ కూపర్ బిల్ గేట్స్‌కు చూపిన ట్రైపాడ్ అనే నమూనా దీనికి మూలం. అదే రూబీగా పేరు మార్చుకుని (ఇప్పటి రూబీ భాషతో దానికి సంబంధం లేదు), బేసిక్ భాషతో జతపడి 1991లో బయటికొచ్చింది. ఆరో వెర్షన్ వచ్చింది 1998లో. ఆపై 2002లో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ అనే కొత్త పునాదిని తెచ్చింది. అందులోని భాషకూ విజువల్ బేసిక్ అన్న పేరే ఉంది గానీ లోపలి యంత్రం పూర్తిగా వేరు. పునాది మార్చే హక్కు తయారీదారుకు ఉందని ఒప్పుకుంటూనే ఒక మాట గట్టిగా చెప్పాలి. పాతదాన్ని కొత్తదానితో ఎలా కలిపి నడపాలో చెప్పే మార్గదర్శకం దయతో ఇచ్చే కొసరు కాదు. పనిముట్టులో అదీ ఒక భాగమే.

రెంటి మధ్య తేడాల్లో కొన్ని పైకి కనిపించేవే. పాత ఇంటిజర్ 16 బిట్లది, కొత్తది 32 బిట్లది. ప్రత్యేకంగా చెప్పకపోతే పాతదానిలో ప్రొసీజర్‌కు అసలు వేరియబులే అందేది, కొత్తదానిలో దాని నకలు అందుతుంది. ఇలాంటివి పుస్తకం చూసి సరిదిద్దుకోవచ్చు. అసలు చిక్కు ఆబ్జెక్టు ఆయుష్షు దగ్గర ఉంది. విజువల్ బేసిక్ 6 నిలబడింది కామ్ అనే ఒప్పందం మీద. అందులో ప్రతి ఆబ్జెక్టూ తనను ఎందరు పట్టుకున్నారో లెక్క పెట్టుకుంటుంది, ఆ లెక్క సున్నాకు రాగానే మెమరీ ఖాళీ చేసి వెళ్లిపోతుంది. డాట్‌నెట్‌లో ఆ లెక్క లేదు. ఎవరికీ అక్కర్లేనివాటిని గార్బేజ్ కలెక్టర్ తన వీలు చూసుకుని ఊడ్చేస్తుంది. పాత ఆబ్జెక్టును కొత్త ప్రోగ్రాం వాడుకోవాలంటే డాట్‌నెట్ దాని చుట్టూ ఒక తొడుగు వేస్తుంది. తొడుగు బతుకు కలెక్టర్ చేతిలో, లోపలిదాని బతుకు లెక్క చేతిలో. కొత్త ప్రోగ్రాంలోంచి ఇలా తొడుగు ద్వారా ఎక్సెల్‌ను తెరిచి, పని ముగించి, మూసేశామనుకున్నాక కూడా అది మెమరీలో అలాగే మిగిలిపోవడం డెవలపర్లను ఎంతగా వేధించిందో చెప్పలేం. ఎర్రర్ రాదు, కోడ్ చదివితే తప్పు కనపడదు. తొడుగును మనమే వదిలించే ఫంక్షన్ ఒకటుంది. కానీ అదే తొడుగును ప్రోగ్రాంలో ఇంకో భాగం వాడుతుండగా వదిలిస్తే ఆ భాగం దెబ్బతింటుంది. ఎక్కడ వదిలించాలి, ఎక్కడ ముట్టుకోకూడదు అన్నది రెండు యంత్రాలనూ కట్టినవారికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

మైక్రోసాఫ్ట్ ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. డెవలపర్ల అభ్యంతరాలు విని 2001లో, విడుదలకు ముందే, ట్రూ విలువనూ, ఆండ్, ఆర్‌ల పనితీరునూ, అర్రే ప్రకటించే పద్ధతినీ పాతదారికి మళ్లించింది. కోడ్‌ను కొత్త భాషలోకి మార్చే అప్‌గ్రేడ్ విజార్డ్‌నూ ఇచ్చింది. అయితే విజార్డ్ చూపిన దారి మొత్తంగా మారిపోవడమే. లక్ష లైన్ల ప్రోగ్రాంను రోజూ నడుపుకుంటున్నవారికి కావలసింది ఒక్కో స్క్రీన్‌నే మార్చుకుంటూ పోయే దారి. 2005లో మైక్రోసాఫ్ట్ గుర్తింపు పొందిన నిపుణులే వందలమంది పిటిషన్ పెట్టి, పాత విజువల్ బేసిక్‌నూ కొత్తదాని పక్కనే కొనసాగించమని అడిగారు. అది జరగలేదు. పాత ప్రోగ్రాంలోనే కొత్త ఫారంలు తెరవనిచ్చే ఇంటరాప్ ఫారమ్స్ టూల్‌కిట్ ఆ తర్వాత వచ్చి, 2007లో రెండో వెర్షన్‌కు చేరింది. నా దృష్టిలో సరైన జవాబు అదే. కానీ అప్పటికి ఐదేళ్లు గడిచాయి, పాత ఎన్విరాన్‌మెంట్‌కు మద్దతు 2008 ఏప్రిల్ 8తో ముగియబోతోంది.

పాతదాన్ని ఎన్నాళ్లని మోస్తారు అన్న అభ్యంతరం బలమైనదే. ఇన్‌హెరిటెన్స్, థ్రెడ్లు పాత పునాది మీద ఇమిడేవి కావు. మార్పు అవసరమే. కానీ ఇక్కడ అడుగుతున్నది పాతదాన్ని పెంచి పోషించమని కాదు, ఏరు దాటాక తెప్ప తగలేయవద్దని. కష్టపడితే డెవలపర్లే దారి కనుక్కుంటారన్నది మరో వాదన. కనుక్కున్నారు కూడా. కాకపోతే ఒక్కొక్కరు ఒక్కో చిట్కా కనుక్కున్నారు, ఒకచోట పనిచేసినది మరోచోట మెమరీని పట్టుకు వేలాడింది. తయారీదారు ఒక్కసారి రాస్తే సరిపోయేదాన్ని వేలమంది వేలసార్లు వెతుక్కోవలసి వచ్చింది. ఖర్చు విషయానికొస్తే, అది ఎటూ తప్పేది కాదు, ఎవరి నెత్తిన పడుతుందన్నదే తేడా.

విజువల్ బేసిక్ 6 రన్‌టైమ్ ఫైలు ఇవాళ విండోస్ 11లోనూ ఉంది. అంటే పాత ప్రోగ్రాం నడుస్తుందన్న హామీ ఇంకా నిలిచే ఉంది. కలపడం మాత్రం వేరే సంగతి. దాని డీఎల్ఎల్‌లు 32 బిట్లవి, 64 బిట్ల ప్రాసెస్‌లోకి నేరుగా ఎక్కవు. కొత్త ప్రోగ్రాంను 32 బిట్లకే కంపైల్ చేయాలి, లేదా పాతదాన్ని వేరే ప్రాసెస్‌లో ఉంచి మాట్లాడించాలి. 2019లో డాట్‌నెట్ కొత్త రూపమైన డాట్‌నెట్ కోర్ 3.0 కామ్‌కు తలుపు తెరిచింది. అయితే పాత డాట్‌నెట్‌తో వచ్చిన టైప్ లైబ్రరీ తయారీ పరికరం అందులో లేదు. రాసేటప్పుడే ఆబ్జెక్టు ఆకారాన్ని తెలుసుకోవడానికి విజువల్ బేసిక్ 6 చూసేది ఆ లైబ్రరీనే.