పెరటి దడి మరమ్మతు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినపుడు చెట్లతోపాటు కర్ర దడులును పడిపోయినవి. గాలియే కూల్చెనని మనమందుము గాని, పడిన గుంజను తిరగవేసి చూడుడు. సాధారణముగా అది నేలమట్టముననే విరిగియుండును. తేమయు గాలియు కలియు చోటగుటచే కర్ర అచ్చటనే ముందు కుళ్ళును. చెదయు అచ్చటనే పట్టును.

కనుక ద్వారకా నగర్‌లోని చిన్న పెరడైనను, పల్లెలోని దొడ్డియైనను, ఒక మూల వాలినదని దడి అంతయు పీకనక్కరలేదు. అట్లని జాప్యము చేయరాదు; పశువు ఒక్క రాత్రిలో కూరపాదులు మేసివేయును. ప్రతి గుంజను నేలమట్టమున దబ్బనముతో పొడిచి, సులువుగా దిగినదానిని మాత్రము మార్చవలెను.

కొత్త సరుగుడు గుంజకు బెరడు ఒలిచి, బాగుగా ఎండనిచ్చి, పాతెడు భాగమునకును ఆపైన జానెడు మేరకును తారు పూయవలెను. పచ్చికర్రకు పూసినచో తేమ లోపలనే నిలిచి కుళ్ళు హెచ్చును. పొడవులో సుమారు మూడవ వంతు పాతి, మన్ను కొంచెము కొంచెముగా పోయుచు దిమ్మిసతో కొట్టి, నీరు నిలువకుండ మొదట ఎత్తు చేయవలెను. ఉప్పుగాలికి మామూలు మేకులు త్వరలో తుప్పుపట్టును గనుక అడ్డకర్రలను జింకు పూతగల తీగతో కట్టుట మేలు. తాటాకుతో పూర్తిగా కప్పిన దడి తెరచాపవలె గాలిని పట్టును, సందులు విడువవలెను.

పాత గుంజ మొదలును నేలలో వదలరాదు. చెద దానినుండియే కొత్తదానికి ప్రాకును.