ప్రేవుల వాపురోగము: ఒక దేశపు లెక్క

ఒక రోగము దేశమున నెంత వ్యాపించినదో తెలియుటకు మనకు రెండు లెక్కలు కావలయును. ఏటేట క్రొత్తగా రోగమున బడువారి సంఖ్య యొకటి. రోగముతో జీవించుచున్నవారందఱి సంఖ్య రెండవది. ప్రేవులయందు చిరకాలము వాపును, పుండ్లను గలిగించు క్రోన్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ అను రెండు రోగముల విషయమున కెనడాదేశమును జూతము.

2023వ సంవత్సరమున నచట సుమారు 3,22,600 మంది, అనగా లక్షకు 825 మంది, ఈ రోగులుందురని పండితులు అంచనా వేసిరి. 2035 నాటికి వీరి సంఖ్య 4,70,000 కాగలదట! హేతువేమి? ఈ రోగములు తఱచుగా యౌవనముననే పొడసూపును. సమూలముగ కుదుర్చు మందు లేదు. అయినను చికిత్సచే రోగులు పెక్కేండ్లు జీవింతురు. చెరువులోనికి వచ్చు నీటికంటె పోవునీరు తక్కువైనచో మట్టము హెచ్చును గదా! ఇదియు నట్టిదే. కావున రోగుల సంఖ్య హెచ్చుట కొంతవఱకు వైద్యుల విజయమే; కాని వారిని బోషించు భారమును హెచ్చుచున్నది.

ఇవి అంటురోగములు గావు. మన దేశమునను ఈ రోగులు గలరు. తరగతినుండి మాటిమాటికి వెలుపలికి బోవు సహాధ్యాయిని జూచి నవ్వుటకు ముందు, సోదర విద్యార్థులారా, మనమీ సంగతి దలంతుము గాక.