అన్నపు కొలత – ఇన్సులిను మోతాదు

మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి. సూర్యాపేట, కోదాడలందును భోజనమనగా అన్నమే. కావున మధుమేహముచే ఇన్సులిను వేసికొను పిల్లల తల్లిదండ్రులు అన్నమును కొలుచుట నేర్వవలయును. 1921లో టొరంటోలో బాంటింగు, బెస్టు అనువారలు ఈ మందును కనుగొనకపూర్వము అట్టి పిల్లలు బ్రతుకుట అరుదు.

ఒక బాలునికి వైద్యుడు 15 గ్రాముల పిండిపదార్థమునకు 1 యూనిట్టు నిర్ణయించెననుకొందము. 160 గ్రాముల అన్నమున అది సుమారు 45 గ్రాములుండును. భోజనమునకు ముందు 3 యూనిట్లు కావలయును. మారు వడ్డించినచో లెక్క తప్పును. మన యిండ్లలో ‘ఇంకొక్క ముద్ద’ అను ఆప్యాయతకు కొలత లేదు గదా!

సూది వేసికొని భోజనము మానుట అంతకంటె అపాయము. చెమట, వణుకు, తడబాటు కనబడిన వెంటనే 3, 4 చిన్న చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగింపవలెను. స్పృహ తప్పినచో నోట నేమియు పోయక ఆసుపత్రికి చేర్చవలెను. అట్టి విద్యార్థిని భోజనపు గంటకై మేము వేచియుండనీయము.