గొట్టం కోస్తే రాగం రాదు

పామర్రు నుంచి గుడివాడ, మండవల్లి, కైకలూరు, ఆకివీడు మీదుగా భీమవరం వైపు సాగే 165వ నంబరు జాతీయ రహదారి మీద పగలంతా వినిపించేది చేపల లారీల హారన్లే. చీకటి పడ్డాక మోత మారుతుంది. సైలెన్సర్ మార్పించిన బుల్లెట్లు రోడ్డెక్కుతాయి. సంక్రాంతి రోజుల్లో అయితే పైఊళ్ళ నుంచి వచ్చిన ఒకటో రెండో స్పోర్ట్స్ కార్లు కూడా తోడవుతాయి. చేపల చెరువుల డబ్బు వచ్చాక పెద్ద బళ్ళు ఊరూరా కనిపిస్తున్నాయి, వాటితోపాటే ‘సౌండ్ మార్చాలి’ అన్న కోరికా పెరిగింది. ఆ కోరికను నేను తప్పుపట్టను. ఇంజను శబ్దం మీద మోజు ఫెరారీ కొన్నవాడికీ ఉంటుంది, బుల్లెట్ కొన్నవాడికీ ఉంటుంది. మంచి శబ్దమంటే పెద్ద శబ్దమే అనుకోవడం దగ్గరే చిక్కు. మన దగ్గర మాడిఫికేషన్ పేరుతో సాగేది ఎక్కువగా మార్పు కాదు, కోత. సైలెన్సర్ లోపలిదంతా పీకేసి ఖాళీ గొట్టం బిగించి పంపేస్తారు. దాంతో బండి అరుస్తుంది తప్ప పాడదు.

ఎందుకో తెలియాలంటే కాస్త లెక్క వెయ్యాలి. ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. బుల్లెట్‌కు ఉన్నది ఒకే సిలిండరు. అది నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే సెకనుకు 25 దెబ్బలు. అందుకే చెవికి దెబ్బ దెబ్బ విడివిడిగా అందుతుంది. నాలుగు సిలిండర్ల కారు 6,000 చుట్ల దగ్గర సెకనుకు 200 దెబ్బలు కొడుతుంది, అప్పుడవి కలిసిపోయి ఒక స్వరంలా వినిపిస్తాయి. పన్నెండు సిలిండర్ల ఇంజను 8,000 చుట్లకు చేరితే ఆ లెక్క 800. స్పోర్ట్స్ కారు పైస్థాయిలో కూయడానికి అసలు కారణం ఇదే. ఎనిమిది సిలిండర్ల ఇంజన్లలోనూ రెండు తీర్లున్నాయి. అమెరికన్ కార్లలో ఎక్కువగా ఉండే క్రాంక్‌షాఫ్ట్ అమరిక వల్ల ఒక్కో వైపు గొట్టంలోకి దెబ్బలు సమానం కాని ఎడంతో పడి గుడగుడలాడతాయి. ఫెరారీ వాడే అమరికలో అవి సమంగా పడి కీచుగా సాగుతాయి. స్వరం పుట్టేది ఇంజనులో. గొట్టం చేయగలిగిందల్లా ఆ స్వరాల్లో కొన్నింటిని ఉంచడం, కొన్నింటిని అణచడం. ఏ వెల్డింగు షాపూ ఒంటి సిలిండరు బండిని పన్నెండు సిలిండర్ల కారులా పలికించలేదు.

అణచేది ఎలాగన్నది ఇంకా ఆసక్తికరమైన సంగతి. సైలెన్సర్ లోపల చిల్లుల గొట్టాలు, అరలు, కొన్నింటిలో గాజుపీచు ఉంటాయి. వాటిలో శబ్దం తనను తానే ఢీకొని నీరసిస్తుంది. దానికి ముందుండే రెజొనేటర్ చెవికి రోత పుట్టించే ఏ ఒకటి రెండు స్వరాలనో ఏరి తీస్తుంది. కారులో సైలెన్సర్ తీయించినవాళ్ళు మొదటి రోజు మురిసిపోయి, విజయవాడ వెళ్ళి వచ్చేసరికి తలనొప్పి అంటారు. హైవే మీద ఒకే వేగంతో పోతుంటే కారు లోపల ఎడతెగని హోరు మోగుతుంది. ఎనిమిది సిలిండర్ల కారు 1,800 చుట్ల దగ్గర సెకనుకు 120 దెబ్బలు కొడుతుంది కదా, హోరు అదే. దీనికి విరుగుడు సైలెన్సర్ కాదు, పక్కగా అతికిన ఒక మూసిన గొట్టం. దాని పొడవు ఆ శబ్ద తరంగం పొడవులో నాలుగో వంతు ఉండాలి. వేడి పొగలో శబ్దం సెకనుకు సుమారు 520 మీటర్లు పోతుందనుకుంటే ఆ పొడవు మీటరుకు కాస్త ఎక్కువ. ఆ గొట్టంలోకి పోయి తిరిగివచ్చిన అల ఎదురొచ్చే అలను చంపేస్తుంది. లెక్స‌స్ ఎల్ఎఫ్ఏ కారు ధ్వనిని దిద్దడానికి టయోటా వాళ్ళు వాద్యాలు చేసే యమహా కంపెనీ సాయం తీసుకున్నది ఇలాంటి నేర్పు కోసమే.

ఇక వెల్డింగు. మన చుట్టుపక్కల షాపుల్లో చేతులకు పనితనం లేదనడం అన్యాయం. చెరువుల ఏరియేటర్ల ఫ్రేములు, షెడ్ల ట్రస్సులు, గేట్లు రోజూ అతికే చేతులవి. కాకపోతే అవి మందపు ఇనుముకు రాడ్డుతో చేసే పనికి అలవాటు పడ్డాయి. పొగగొట్టం ఒకటిన్నర మిల్లీమీటరు స్టెయిన్‌లెస్ స్టీలు, రాడ్డు పెడితే చిల్లు పడుతుంది. దానికి ఆర్గాన్ వెల్డింగే కావాలి. ఆర్గాన్ బయట పెడితే సరిపోదు, గొట్టం చివరలు టేపుతో మూసి లోపల కూడా నింపాలి. లేకపోతే అతుకు లోపలివైపు మాడి, నల్లగా గరుకుగా పొక్కులు కడుతుంది. పైకి నిగనిగలాడే అతుకు కొన్నాళ్ళకు అక్కడే చిట్లుతుంది. మరో సంగతి: మీటరు స్టెయిన్‌లెస్ గొట్టం 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 9 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ సాగుడుకు చోటివ్వకుండా ఛాసిస్‌కు గట్టిగా బిగిస్తే ఏదో ఒక అతుకు తెగక మానదు. రబ్బరు హ్యాంగర్లు, మధ్యలో వంగే గొట్టం ఉండేది అందుకే. కారు మీదే వెల్డింగు చేసేటప్పుడు ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి. కంప్యూటర్ పెట్టె కాలిపోతే దాని ఖర్చు ముందు సైలెన్సర్ ఖర్చు ఏపాటి?

సైలెన్సర్ తీస్తే పికప్ పెరుగుతుందనే వాదన ఒకటుంది. అందులో సగమే నిజం. పై చుట్ల దగ్గర పొగ సులువుగా పోతే కొంత లాభం ఉంటుంది. కానీ మన రోడ్ల మీద బండి నడిచేది ఎక్కువగా కింది చుట్లలో, అక్కడ లాగుడు తగ్గడం మామూలే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బళ్ళకైతే గొట్టంలో సెన్సర్లు, పొగను శుద్ధిచేసే కన్వర్టర్ ఉంటాయి. వాటిని పీకితే ఇంజనుకు ఎంత పెట్రోలు పోయాలో కూడా లెక్క తప్పుతుంది. వేగానికీ మోతకూ సంబంధం లేదనడానికి సాక్ష్యం హైదరాబాదే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా-ఈ పందెంలో పరుగెత్తినవి విద్యుత్ కార్లు. వాటికి సైలెన్సర్ లేదు, దాని అవసరమూ లేదు.

శబ్దం వింటే ఎదుటివాడు జాగ్రత్తపడతాడు, ప్రమాదాలు తగ్గుతాయి అని ఇంకొందరంటారు. కానీ పొగగొట్టం నోరు వెనక్కి చూస్తుంది. ముందు నుంచి వచ్చే లారీ డ్రైవరుకు, అద్దాలు ఎత్తి పాటలు పెట్టుకున్నవాడికి అది వినిపించేసరికి బండి దాటిపోతుంది. లారీల హారన్లు, పెళ్ళిళ్ళ డీజేలు ఇంతకంటే పెద్దవి కావా అనే ప్రశ్నకు మాత్రం బలముంది. అవును, వాటినీ అదుపు చెయ్యాలి. కానీ ఒకడి తప్పు ఇంకొకడికి లైసెన్సు కాదు. పైగా కొల్లేటి సరస్సు చుట్టూ ఒక ఇబ్బంది అదనం. కొండ లేదు, గుట్ట లేదు, ఎటు చూసినా చెరువులే. రాత్రి నీళ్ళ మీద గాలి చల్లబడితే పైకి పోవలసిన శబ్దం కిందికి వంగి దూరంగా పాకుతుంది. రోడ్డు మీది మోత చెరువు గట్టు దాటి లంక ఊళ్ళ దాకా వెళ్ళేది అందుకే. చలికాలంలో కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడు కట్టుకునే పెలికాన్లకూ అది తప్పదు.

చట్టం సంగతి సూటిగా ఉంది. కంపెనీ పరీక్షలో శబ్దం పెద్ద బైకులకు 80, కార్లకు 74 డెసిబెల్స్ దాటకూడదు. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి రెట్టింపు మోతలా తోస్తుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి ఓనరుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. 2022లో విశాఖ పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను నడిరోడ్డు మీద రోడ్డు రోలర్‌తో తొక్కించారు. చూడ్డానికి బాగానే ఉంది గానీ, ఆ గొట్టాలు షాపుల్లో బహిరంగంగా అమ్ముడుపోతున్నంతకాలం రోలర్‌కు పని తగ్గదు. పోలీసులు అమ్మేవాడి గుమ్మం దాకా వెళ్ళాలి, చెవితో కాక మీటరుతో కొలవాలి. శబ్దం మీద మోజున్న కుర్రాళ్ళకు చెప్పేది ఒక్కటే. కంపెనీ అనుమతించిన సైలెన్సర్ దొరికితే అది బిగించుకోండి. అంతకు మించి కావాలంటే బండిని ట్రైలర్ మీద చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాకుకో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో తీసుకెళ్ళండి. రాత్రి పదికి మండవల్లి సెంటర్లో మాత్రం వద్దు.