48 వోల్టుల కావలి

పడమటి కనుమల వర్షచ్ఛాయలో, సాలీనా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురం పీఠభూమిపై, గుత్తి నుండి మడకశిర వఱకు పయనించువానికి నేడు దూరమునుండియే కంటబడునవి సెల్‌ఫోను టవర్లు. టవరు పాదముననున్న ఇనుపబీరువాలో కరెంటును ఏకదిశగా మార్చు రెక్టిఫయరును, సీసపు బ్యాటరీల వరుసయు, వానితోబాటు కాంటాక్టరు అను స్విచ్చియు నుండును. కరెంటు పోయినపుడు టవరును బ్రతికించునది బ్యాటరీ. ఆ బ్యాటరీని బ్రతికించునది, తగిన క్షణమున దానికిని టవరుకును గల బంధమును ఛేదించు ఆ స్విచ్చి.

1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను చుట్టగా చుట్టి, గంధకామ్లమున ముంచి, మరల మరల నింపదగిన విద్యుత్కోశమును నిర్మించెను. కాని ఆ కోశమునకు పుట్టుకతోనే ఒక దోషము వచ్చినది. విద్యుత్తు నిచ్చుకొలది పలకలపై లెడ్ సల్ఫేటు ఏర్పడును. వెంటనే ఛార్జి చేసినచో అది తిరిగి మూలద్రవ్యములుగా మారును. అడుగంట పిండి అట్లే విడిచినచో స్ఫటికములై గట్టిపడి, ఛార్జికి లొంగకపోవును. టెలిఫోను ఎక్స్ఛేంజీల బ్యాటరీ గదులలో, ఆమ్లసాంద్రతను కొలుచు హైడ్రోమీటరు చేతబట్టిన మనుష్యుడు ఈ ఆపదను కనిపెట్టుచుండెడివాడు. 1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి చెంత కరకంబాడిలో తయారుచేసిన సీలుబ్యాటరీల వంటివి వచ్చినపిమ్మట నీరు పోయు పని తప్పెను. మనుష్యుని చూపు ఆ స్విచ్చిని నడపు కంట్రోలరులోని కొన్ని సంఖ్యలకు అప్పగింపబడెను.

ఆ సంఖ్యలను ఎవరో ఎక్కడనో వ్రాసిన విలువలకే వదలివేయుట మన పీఠభూమికి ద్రోహమని నా దృఢాభిప్రాయము. వరుసలో 2 వోల్టుల కోశములు 24, నిండుగా నున్నపుడు వానిని సుమారు 54 వోల్టుల వద్ద నిలిపియుంతురు, కోశమునకు 1.8 చొప్పున 43.2 వోల్టులకు దిగినంతనే కాంటాక్టరు విడివడునట్లు అమర్చుట వాడుక. అయితే ఆ విలువ బ్యాటరీని కొన్ని గంటలలో ఖాళీచేయు భారమునకు తగినది. భారము స్వల్పమై బ్యాటరీ రోజంతయు మెల్లగా పారినచో, వోల్టేజి పడిపోకమునుపే శక్తి దాదాపు అంతయు ఇగిరిపోవును. అట్టిచోట తెంపుట కొంత పైననే, 44 దాటియే, జరుగవలెను. ఎండయు నట్లే: 25 డిగ్రీలకు పైబడిన ప్రతి డిగ్రీకి ఛార్జి వోల్టేజిని కోశమునకు 3 మిల్లీవోల్టుల చొప్పున తగ్గింపవలసియుండగా, 40 డిగ్రీల బీరువాలో 54 అనునది సుమారు 52.9 కావలెను; లేనిచో బ్యాటరీ వేడెక్కి త్వరగా నశించును.

అలారమునకు కొలబద్ద దూరము. 46 వోల్టుల వద్ద మ్రోగు హెచ్చరిక విని, కదిరి నుండియో హిందూపురం నుండియో డీజిలు డబ్బాతో మోటారుసైకిలుపై బయలుదేరినవాడు టవరున్న గుట్టను చేరులోపలనే అది మూగవోవచ్చును. ఏలయన, చివరి దశలో వోల్టేజి పతనము అతివేగముగా నుండును. అందుచేత కరెంటు పోయినదను అలారమునే మొదటి పిలుపుగా నెంచి బయలుదేరుట యుక్తము.

భారము తొలగినంతనే బ్యాటరీ వోల్టేజి తనంతట తాను కొంత పైకి లేచును. తెంపిన విలువ వద్దనే తిరిగి కలుపుటకు అమర్చినచో కాంటాక్టరు తెగుచు కలియుచు కొట్టుకొని చెడిపోవును. కాన, కరెంటు వచ్చి వోల్టేజి బాగుగా పెరిగినపిదపనే కలుపవలెను. తెంపుటయు రెండు మెట్లుగా నుండుట మేలు: ముందు రేడియో పరికరములు, కడపట పొరుగు టవర్ల మాటలను మోయు లింకు. ఆ లింకు ముందుగా తెగినచో, బ్యాటరీ ఖాళీయగుచున్నదను అలారము సైతము గుట్ట దిగి రాజాలదు.